మంచు పడకముందే సైడింగ్ సంగతి: అమెరికా, కెనడా చలి ప్రాంతాల్లో ఇల్లున్న వాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఎడిసన్‌లోనో, నేపర్‌విల్‌లోనో, నోవైలోనో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది మొదటి చలికాలానికి ముందు ఒకే పని చేస్తారు. హోమ్ డిపోకు వెళ్లి నాలుగు సిలికాన్ ట్యూబులు తెచ్చి, ఇంటి చుట్టూ తిరుగుతూ కంటికి కనిపించిన ప్రతి సందూ పూడ్చేస్తారు. మనం పుట్టి పెరిగింది ఇటుక గోడల్లో, సిమెంటు పూతల మధ్య. గోడకు సందు కనిపిస్తే పూడ్చాలనే అనిపిస్తుంది. ఊరి నుంచి వచ్చిన నాన్నగారు గోడ మీద వేలితో తట్టి, "ఇదేం గోడరా, డొల్లగా మోగుతోంది" అంటే ఆ ఆత్రం ఇంకాస్త పెరుగుతుంది.

కానీ సైడింగ్, అంటే ఇంటి బయటి గోడకు తొడిగే పలకల పొర, నీళ్లు చొరబడని గోడ కాదు. అలా ఉండాలని దాన్ని తయారుచెయ్యలేదు కూడా. దాని పనితీరు మన పెంకుటింటి కప్పులాంటిది. పెంకుకూ పెంకుకూ మధ్య సిమెంటు పెట్టం, ఒకదాని మీద ఒకటి ఎక్కించి పేరుస్తాం, నీళ్లు జారిపోతాయి. సైడింగ్ కూడా అంతే. వానలో ఎక్కువ భాగాన్ని పైనే జార్చేస్తుంది. గాలికి లోపలికి దూరిన కాస్త నీళ్లను వెనకున్న హౌస్ రాప్ (గోడకు చుట్టే పల్చటి పొర) ఆపి కిందికి దించుతుంది. ఆ నీళ్లు అడుగు నుంచి బయటికి పోతాయి. రాప్ వెనకుండేది చెక్క పలక, అంటే ప్లైవుడ్ గానీ, చెక్క పేళ్లను జిగురుతో అదిమిన ఓఎస్‌బీ గానీ. మనం కాపాడుకోవాల్సింది నిజానికి ఆ చెక్కని.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. బయటికి దారి లేక ఎక్కడైనా చిక్కుకున్న నీళ్లు రాత్రి గడ్డకట్టి సందును వెడల్పు చేస్తాయి, పగలు కరిగి ఇంకాస్త లోపలికి దిగుతాయి, మళ్లీ రాత్రి గడ్డకడతాయి. అందుకే వారాల తరబడి మైనస్‌లోనే ఉండే మిన్నెసోటా జనవరి కన్నా, నీళ్లు గడ్డకట్టే 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూ ఊగిసలాడే న్యూజెర్సీ, మేరీల్యాండ్, ఒహాయో చలి ఈ విషయంలో తక్కువేమీ కాదు. కాబట్టి ఈ పనులన్నిటికీ లెక్క ఒక్కటే: నీళ్లు పోయే దారి మూయకూడదు, సైడింగ్ కదలడానికి ఉన్న చోటు బిగించకూడదు.

1. మీ ఇంటికి ఉన్నది ఏ సైడింగో తెలుసుకోండి

వేలితో నొక్కితే కాస్త లోపలికి వంగి, డొల్ల చప్పుడు వస్తే వినైల్. రాయిలా గట్టిగా, చల్లగా, ఏమాత్రం వంగకుండా ఉంటే ఫైబర్ సిమెంట్. జేమ్స్ హార్డీ కంపెనీ పలకలు ఎక్కువ కాబట్టి అందరూ 'హార్డీ' అనేస్తారు. చెక్కయితే దేవదారు జాతి సీడర్ కావచ్చు, చెక్క పేళ్లను జిగురుతో అచ్చుగుద్దిన ఎల్‌పీ స్మార్ట్‌సైడ్ లాంటిది కావచ్చు. కొత్త కాలనీల్లో ముందు గోడకి ఇటుక, మిగతా మూడు వైపులా వినైల్ ఉండటం మామూలే. అప్పుడు రెండింటి నియమాలూ మీకు వర్తిస్తాయి.

ఇల్లు 1978కి ముందు కట్టిందైతే ఒక్క నిమిషం ఆగండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. ఇంకా పాత ఇళ్లకు సిమెంటు బిళ్లల్లా కనిపించే సైడింగ్ ఉంటే అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గీకడం, రంధ్రం పెట్టడం, విరగ్గొట్టడం వద్దు. పగలకుండా ఉన్నంతవరకు దాన్ని కదిలించకపోవడమే మేలు.

2. ఇంటి చుట్టూ రెండుసార్లు తిరగండి

సెప్టెంబరు చివర్లో మొదలుపెడితే అక్టోబరంతా చేతిలో ఉంటుంది. మొదటిసారి పొడి రోజున, సాయంత్రం చీకటి పడుతుండగా తిరగండి. టార్చిలైటు గోడకు ఆనించి, వెలుగు గోడ వెంబడే పోయేలా పట్టుకోండి. పగలు నున్నగా కనిపించిన చోట కూడా ఉబ్బులు, ఊడిన పలకలు నీడలు పడి తెలిసిపోతాయి. రెండోసారి జోరున వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని తిరగండి. గటర్ (చూరు వెంబడి కప్పు నీళ్లు పట్టే తొట్టి) ఎక్కడ పొంగుతోంది, నీళ్లు గోడ మీద ఎక్కడ చారలు కడుతున్నాయి, నేల మీద ఎక్కడ నిలుస్తున్నాయి అన్నవి ఫోన్‌లో వీడియో తీసుకోండి. పొడి రోజున ఎంత వెతికినా ఇవి దొరకవు.

చెక్క సైడింగ్‌కైతే ఒక స్క్రూడ్రైవర్ కూడా పట్టుకెళ్లండి. అడుగు పలకలు, కిటికీల కింద మూలలు, డెక్ గోడకు తగిలే చోటు మెల్లగా పొడిచి చూడండి. మొన దిగిందంటే అక్కడ పుచ్చిపోయినట్టే. దాని మీద పెయింట్ వేసినా, సీలెంట్ (సిలికాన్‌లా సందులు పూడ్చేది) పూసినా డబ్బు దండగ. ఆ ముక్క మార్చాల్సిందే.

తప్పకుండా చూడాల్సిన చోటు ఇంకొకటుంది. గరాజ్ కప్పు గానీ, పోర్చ్ కప్పు గానీ పై అంతస్తు గోడను ఆనుకుని కిందికి దిగి ఒకచోట ఆగిపోతుంది కదా, గటర్ మొదలయ్యేది అక్కడే. ఆ మూలలో నీళ్లను గోడ నుంచి తప్పించి గటర్‌లోకి తోసే చిన్న వంపు రేకు ఉండాలి. దాన్ని కిక్-అవుట్ ఫ్లాషింగ్ అంటారు. అది లేకపోతే ఆ కప్పు మీద పడిన వానంతా, కరిగిన మంచు అంతా సైడింగ్ వెనక్కి దిగుతుంది. బయటికి ఏళ్ల తరబడి ఏమీ కనిపించదు. ఓ రోజు సైడింగ్ విప్పితే చెక్క చేతికి పొడిపొడిగా వస్తుంది. ఆ మూల కింద నల్లటి మరకలు, లోపలి గదిలో అదే చోట పెయింట్ పొక్కడం దీనికి గుర్తులు. అరచేయంత రేకు ముక్క, కానీ చాలా ఇళ్లలో ఉండదు. ఈ గైడ్‌లో ఒక్క పనే చేసే తీరిక ఉంటే ఇది చెయ్యండి. రూఫింగ్ వాడిని పిలిచి పెట్టించండి, ఎందుకంటే పక్కనున్న షింగిల్స్, అంటే కప్పు మీది బిళ్లలు, కాస్త లేపాలి.

3. పైనుంచి వచ్చే నీళ్లు

గటర్లు ఆకులన్నీ రాలాకే శుభ్రం చేయించాలి. ఓక్ చెట్లున్న వీధుల్లో ఆకులు నవంబరు చివరిదాకా రాలుతూనే ఉంటాయి కాబట్టి అక్టోబరులో ఒకసారి చేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. డౌన్‌స్పౌట్ (గటర్ నుంచి కిందికి దిగే గొట్టం) నీళ్లను గోడకు నాలుగు నుంచి ఆరడుగుల దూరంలో వదిలేలా ఎక్స్‌టెన్షన్ తగిలించండి.

ఇక ఐస్ డ్యామ్. ఇది కప్పు సమస్యే అనుకుంటాం గానీ గోడకీ అంతే నష్టం. ఇంటి వేడి అటక్‌లోకి, అంటే కప్పు కింద ఉండే ఖాళీలోకి చేరి కప్పు మీది మంచును కింది నుంచి కరిగిస్తుంది. ఆ నీళ్లు జారి, కింద వేడి లేని చూరు దగ్గరకు రాగానే గడ్డకడతాయి. రోజురోజుకీ అక్కడ మంచు కట్ట లేస్తుంది. దాని వెనక నిలిచిన నీళ్లు షింగిల్స్ కిందికి ఎక్కి, సాఫిట్ (చూరు కింది పలక) మీదుగా సైడింగ్ వెనక్కి దిగుతాయి. చూరుకు వేలాడే మంచు కడ్డీలకు పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. కానీ గోడ మధ్యలో పలకల సందుల్లోంచో, సాఫిట్ రంధ్రాల్లోంచో మంచు బయటికి వస్తుంటే మాత్రం నీళ్లు లోపల దారి చేసుకున్నట్టే.

దీనికి మందు అటక్‌లోనే ఉంది. చలి రాష్ట్రాల్లో అటక్ ఇన్సులేషన్ ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండమంటారు (ఆర్ అంకె ఎంత పెద్దదైతే వేడి అంత బాగా ఆగుతుంది). అంతకన్నా ముందు, గదుల్లోంచి వేడిగాలి పైకి పోయే సందులు మూయించాలి: అటక్ తలుపు అంచులు, లైట్లు బిగించిన రంధ్రాలు, పైపుల చుట్టూ ఖాళీలు. బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టం అటక్‌లోకే వదిలేసి ఉంటే అక్కడి తేమంతా పైన చేరుతుంది. దాన్ని బయటికి తీయించండి. ఈలోగా భారీ మంచు పడితే పొడుగు కర్ర ఉన్న రూఫ్ రేక్‌తో, నేల మీద నిలబడే, చూరు వైపు మూడు నాలుగడుగుల మేర మంచు లాగేయొచ్చు. కరెంటు తీగలు దగ్గర్లో లేవని చూసుకోండి. నిచ్చెనెక్కి గొడ్డలితో ఐస్ కొట్టడం మాత్రం వద్దు. షింగిల్స్ పగులుతాయి, కాలు జారితే మనమూ పగులుతాం.

4. నేల దగ్గర

ఫైబర్ సిమెంట్‌కైనా చెక్కకైనా, సైడింగ్ అడుగుకూ మట్టికీ మధ్య కనీసం ఆరు అంగుళాలు ఖాళీ ఉండాలి. వినైల్ పుచ్చిపోదు గానీ దాని వెనకున్న చెక్క పుచ్చిపోతుంది కాబట్టి దానికీ అదే మంచిది. ఏటా వసంతంలో మొక్కల మొదట్లో పరిచే పాత మల్చ్ (చెక్కపొట్టు) మీదే కొత్త మల్చ్ పోసుకుంటూ పోతే ఆరు అంగుళాలు కొన్నేళ్లలో రెండు అంగుళాలవుతుంది. పాతది తీసేయండి. నేల గోడ నుంచి బయటికి వాలుగా ఉండాలి, మొదటి పదడుగుల్లో ఆరు అంగుళాల వాలు. గోడకు ఆనుకున్న పొదలను అడుగు దూరానికి కత్తిరించండి. మంచు బరువుకు కొమ్మలు వంగి సైడింగ్‌ను రాస్తాయి, గోడను ఆరనివ్వవు.

5. సీలెంట్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ముందు పెట్టకూడని చోట్లు. వినైల్ పలకల అడుగు అంచును దగ్గరగా చూస్తే వరుసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. లోపలికి దిగిన నీళ్లు బయటికి పోవడానికి, గాలి ఆడటానికి ఫ్యాక్టరీలోనే పెట్టినవి. వాటిని మూయకూడదు. రెండు వినైల్ పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కే నిలువు అతుకు, పలక చివర జె-ఛానెల్‌లోకి (అంచును పట్టుకునే జె ఆకారపు పట్టీలోకి) దూరే చోటు కూడా వదిలెయ్యండి. పన్నెండడుగుల వినైల్ పలక ఎండకూ చలికీ మధ్య అర అంగుళం దాకా పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ చివర సిలికాన్‌తో అంటించేస్తే కదల్లేక వేసవిలో ఉబ్బుతుంది, చలికాలంలో చిట్లుతుంది. ఇటుక గోడ అడుగున కొన్ని ఇటుకల మధ్య సిమెంటు లేకుండా సందులుంటాయి, అవీ నీళ్లు పోవడానికే. చీమలొస్తున్నాయని వాటిలో ఫోమ్ కొట్టేవాళ్లున్నారు. అంత భయముంటే లోపల దూర్చే స్టీలు జాలీలు దొరుకుతాయి. అలాగే చెక్క, ఫైబర్ సిమెంట్ అడ్డ పలకల కింది అంచులు, కిటికీ పైన రేకుకూ సైడింగ్‌కూ మధ్య ఉండే సన్న ఖాళీ కూడా ముట్టుకోకండి.

పెట్టాల్సిన చోట్లు తక్కువే. చెక్క లేదా ఫైబర్ సిమెంట్ పలకలు కిటికీ చుట్టూ ఉండే ట్రిమ్ పట్టీకి, మూల పలకలకు తగిలే నిలువు సందులు. గార్డెన్ కొళాయి, ఏసీ పైపులు, ఇంటర్నెట్ కేబుల్ గోడలోకి దూరే రంధ్రాలు. ఇంటర్నెట్ వాళ్లు రంధ్రం చేసి అలాగే వదిలేసి పోవడం ఎంత మామూలో మీకూ తెలిసే ఉంటుంది.

పాత సీలెంట్ చిట్లి ఉంటే దాని మీదే కొత్తది పూస్తే అతుక్కోదు. యుటిలిటీ కత్తితో కోసి తీసేసి, తుడిచి, ఆరాకే వెయ్యండి. సందు పావు అంగుళం కన్నా వెడల్పుంటే ముందు ఫోమ్ తాడు దూర్చండి, దాన్ని బ్యాకర్ రాడ్ అంటారు. దాని మీద సీలెంట్ వేస్తే రెండు అంచులకే అతుక్కుని సాగుతుంది. సిలికాన్ మీద పెయింట్ నిలవదు కాబట్టి పెయింట్ వేసే చోట పాలీయురేథేన్ గానీ, పెయింట్ పడుతుందని ట్యూబు మీద రాసినది గానీ కొనండి. అక్రిలిక్ రకాలకు సాధారణంగా 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వాతావరణం కావాలి, రాత్రి గడ్డకడితే పాడైపోతాయి. పని నవంబరు దాకా వాయిదా వేయొద్దనేది ఇందుకే.

6. ఊడిన వినైల్ పలకను మళ్లీ బిగించడం

గాలికి టపటపా కొట్టుకునే పలకను మంచు తుఫానుకు ముందే సరిచేయాలి. దానికి కాంట్రాక్టర్ అక్కర్లేదు. జిప్ టూల్ అనే చిన్న కొక్కెం హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతుంది. చలికి వినైల్ పెళుసుబారుతుంది కాబట్టి ఎండ కాసిన రోజు ఎంచుకోండి.

పై పలక అడుగు అంచు కింద కొక్కెం దూర్చి కిందికి లాగితే ఒక చోట తాళం వీడుతుంది. అలాగే పక్కకు జరుపుతూ పోతే అంచంతా వీడుతుంది. పైకెత్తి చూస్తే ఊడిన పలకకు పైభాగాన అడ్డంగా మేకుల గాడులు కనిపిస్తాయి. గాడి పగిలి ఉండొచ్చు, మేకు ఊడి ఉండొచ్చు. వెనక హౌస్ రాప్ చిరిగి ఉంటే దానికోసం తయారైన టేపుతో అతికించండి.

కొత్త మేకు తుప్పు పట్టని రకం కావాలి. గాడి మధ్యలో, నిటారుగా కొట్టాలి. పూర్తిగా దిగ్గొట్టకూడదు. మేకు తలకూ పలకకూ మధ్య అంగుళంలో 32వ వంతు ఖాళీ ఉండాలి; పది సెంట్ల నాణెం మందం కన్నా కాస్త తక్కువన్నమాట. అయ్యాక పలకను చేత్తో పక్కకు నెట్టి చూడండి, అటూ ఇటూ సులువుగా జరగాలి. జరగకపోతే మేకు బిగిసిందని అర్థం, కాస్త వెనక్కి లాగండి. చివర్న జె-ఛానెల్ లోపల పావు అంగుళం ఖాళీ వదలాలి. 40 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న రోజైతే 3/8 అంగుళం, ఎందుకంటే అప్పటికే పలక కుంచించుకుని ఉంటుంది. తర్వాత పై పలక అంచును కిందికి లాగుతూ అరచేత్తో లోపలికి నొక్కుకుంటూ పోతే టక్‌మని పడుతుంది.

పలక పగిలితే మార్చడమే. పాత సైడింగ్ ఎండకు వెలిసి ఉంటుంది కాబట్టి, అదే పేరున్న రంగు తెచ్చినా అతుకేసినట్టు కనిపిస్తుంది. వెనక వైపు ఎవరూ చూడని గోడ నుంచి ఒక పలక తీసి ముందు పెట్టి, కొత్తది వెనక పెట్టేస్తే సరి.

7. పెయింటూ, కడగడమూ

చెక్క మీద పెయింట్ లేచిపోయి ఒట్టి చెక్క కనిపిస్తే చలికాలం దాటించకండి. గీకి, ప్రైమర్ వేసి, పెయింట్ వెయ్యాలి. మామూలు లేటెక్స్ పెయింట్లకు 50 డిగ్రీలు కావాలి. 35 డిగ్రీల దాకా పనికొచ్చేవీ ఉన్నాయి, డబ్బా మీద చూసి కొనండి. ఫైబర్ సిమెంట్‌లో కోసిన అంచులకు పెయింట్ లేకపోతే నీళ్లు పీల్చుకునేది అక్కడే, కాబట్టి వాటిని వదలొద్దు.

వినైల్ మీద పచ్చటి నాచు, నల్లటి బూజు ఉంటే 70 పాళ్ల నీళ్లలో 30 పాళ్లు తెల్ల వెనిగర్ కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలు. చలికి ముందు ప్రెషర్ వాషర్ వాడకం నాకు ఏమాత్రం నచ్చదు. కింది నుంచి పైకి కొడితే నీళ్లు సరాసరి పలకల వెనక్కి పోతాయి.

8. మంచు పడ్డాక

గార్డెన్ గొట్టం విప్పేసి, లోపలి వాల్వు మూసి, బయటి కొళాయి తెరిచి నీళ్లు ఖాళీ చేశారా? 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో పైపులు పగిలి ఎన్నో ఇళ్లు తడిసిపోయాయి కాబట్టి డాలస్ వైపు వాళ్లు సైడింగ్ కన్నా ముందు ఈ పని చూసుకోవాలి.

డ్రైవ్‌వే మంచును గోడకు ఆనించి పోగుపెట్టకండి. తీసిన మంచు గోడకు దూరంగా పడాలి. స్నో బ్లోవర్ నోరు ఇంటి వైపు తిప్పొద్దు, అందులోంచి ఎగిరే గులకరాయి చలికి పెళుసెక్కిన వినైల్‌ను పగలగొట్టగలదు. సైడింగ్‌కు అంటుకున్న ఐస్‌ను పారతో కొట్టడం, హీట్ గన్‌తో కరిగించడం రెండూ వద్దు. వినైల్ సుమారు 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌కే మెత్తబడుతుంది. గ్రిల్లు గోడ పక్కన పెట్టకూడదన్నదీ అందుకే.

ఇంకొకటి ప్రాణాల మీదికి వచ్చే విషయం. ఇల్లు వేడిచేసే కొత్త రకం ఫర్నేసుల్లో చాలావాటికి పొగ పోయేది కప్పు మీదుగా కాదు, పక్క గోడలోంచి బయటికొచ్చే తెల్ల ప్లాస్టిక్ పైపుల ద్వారా. మంచు పేరుకుని అవి మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోవచ్చు, లేదా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. తుఫాను మధ్యలోనైనా వెళ్లి వాటి చుట్టూ శుభ్రం చెయ్యండి. ఆ పైపు పక్కన సైడింగ్ మీద ఐస్ పేరుకుంటుంటే పైపు చివర దిశ మార్చమని హీటింగ్ వాళ్లను అడగండి. డ్రయర్ వెంట్ మూత కూడా గడ్డకట్టకుండా చూడండి.

9. కాగితాల పని

టౌన్‌హౌస్ అయితే సైడింగ్ చాలాచోట్ల అసోసియేషన్ బాధ్యత, మీరు ముట్టుకోకూడదు కూడా. ఫొటోలతో ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెబితే రికార్డు ఉండదు. సొంత ఇల్లయితే మంచు పడకముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోండి. తుఫాను నష్టానికి ఇన్సూరెన్స్ ఇవ్వొచ్చు గానీ, ఏళ్లుగా మెల్లగా పుచ్చిన చెక్కకు మామూలుగా ఇవ్వదు. అది కొత్తగా జరిగిన నష్టమేనని చూపించేవి ఆ ఫొటోలే.

తుఫాను మర్నాడు తలుపు తట్టి "మీ సైడింగ్ పోయింది, ఇన్సూరెన్స్ మేమే చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టండి" అనేవాళ్లకు సంతకం పెట్టకండి. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకుని, ముగ్గురినీ ఇవే అడగండి: పాత సైడింగ్ విప్పాక వెనక చెక్క పుచ్చి ఉంటే పలకకు ఎంత తీసుకుంటారు? హౌస్ రాప్ కొత్తది వేస్తారా, పాతదాని మీదే కానిస్తారా? కిక్-అవుట్ ఫ్లాషింగ్ ఏ ఏ మూలల్లో పెడతారు? మూడో ప్రశ్నకు తడబడే వాడిని అక్కడితో పంపించేయొచ్చు.